బస్టాండులో పేరు పెట్టి పిలిచినవాడు

చినలంకపాడు,
ఆగస్టు 19, 2008

మా తమ్ముడు సీమోను కూతురు కెజియాకు మేనత్త మార్తమ్మ దీవెనలు.

ఫోను చెయ్యక ఉత్తరమేంటనుకుంటావు. ఇంట్లో ఉన్న ఒక్క సెల్లూ మీ మావయ్య చొక్కా జేబులోంచి దిగడం లేదు. స్నానానికి వెళ్తే కిటికీ అంచున పెట్టుకుని కనిపెడుతున్నాడు. జవాబు నేను పనిచేసే అంగన్‌వాడీ చిరునామాకి రాయి. అక్కడ చిన్నపిల్లలు తప్ప ఇంకెవరూ చింపరు.

మా సిల్వియాని చదువు మాన్పించి హాస్టల్ నుంచి తీసుకొచ్చేశాడు. ట్రంకుపెట్టె నడవలోనే ఉంది. ఎవరూ విప్పలేదు.

జరిగింది చెప్తాను. పోయిన నెల మీ మావయ్యకి ఒక ఫోనొచ్చింది. "సిల్వియా నాన్నగారా అండీ? తాడేపల్లిగూడెం నర్సింగ్ కాలేజీ నుంచండీ. అమ్మాయి కాస్త నీరసంగా ఉంటోందండీ. ఒంటరిగా వస్తుంది కదా, శనివారం నేను బస్సెక్కిస్తాలెండి" అన్నాడట. ఎంత మర్యాదో! మీ మావయ్య "మీలాంటివాళ్ళుండబట్టేనండీ" అని దండం కూడా పెట్టాడు, ఫోనుకి. ఆ శనివారం గూడెం బస్టాండులో ముప్పై ఏళ్ళవాడొకడు ఎదురొచ్చి, "సిల్వియా, మాత్ర వేసుకున్నావా? సంచి ఇలా ఇవ్వు, మీ నాన్నగారు చెప్పారు" అన్నాడట. అది చేపలు అమ్మే ఆడవాళ్ళ గుంపులో దూరి ఏలూరు బస్సెక్కేసింది. మేం కాలేజీకి వెళ్ళి అడిగితే అలాంటి మనిషే లేడన్నారు.

"ఆ ఆర్కుట్టే కొంప ముంచింది. అది నేర్పింది నీ మేనకోడలే" అంటున్నాడు మీ మావయ్య. నిన్ను ఇంటి గడప తొక్కనివ్వనన్నాడు. నేను నమ్మానని కాదు, నమ్మలేదనీ కాదు. అసలు ఆర్కుట్ అంటే ఏంటమ్మా? అది పేపరా, పుస్తకమా? అందులో పడిన పేరు ఎక్కడెక్కడికి పోతుంది? అడిగితే సిల్వియా గోడవైపు తిరిగి పడుకుంటోంది. దసరా సెలవులయ్యేలోగా రాకపోతే సీటు తీసేస్తామని వార్డెను గారు చెప్పారు. దానికి నర్సు కావడం తప్ప ఇంకో ఆశ లేదు. త్వరగా రాయి.

మార్తమ్మ

——

ఏలూరు, పవర్‌పేట,
ఆగస్టు 25

అత్తా, వందనాలు.

మీ ఉత్తరం చదివి మా నెట్టు సెంటర్లో ఒక కస్టమర్ మీద అరిచేశాను. పాపం వాడు ప్రింటు అడిగాడంతే. మా ఓనరు అర్షద్ గారు "ఏమ్మా, ఎవరైనా పోయారా?" అన్నారు. పోలేదండీ, ఒకడు పోవాల్సి ఉంది అన్నాను.

మావయ్యకి కోపం రావడం న్యాయమే. అది తప్పు మనిషి మీదకొచ్చింది. అది మాత్రం అన్యాయం.

ఆర్కుట్ అంటే గోడ అనుకోండి. మన పేరు మీద మనకొక గోడ ఇస్తారు. బొమ్మ పెట్టుకోవచ్చు, స్నేహితులొచ్చి దాని మీద రాసి పోవచ్చు. మన ఊరి గోడయితే ఊళ్ళోవాళ్ళే చూస్తారు. ఈ గోడకి ఊరు లేదు. భీమవరంవాడూ చూస్తాడు, బ్రెజిల్‌వాడూ చూస్తాడు. ఎవరు చూడాలో మనం చెప్పొచ్చు. చెప్పకపోతే అందరూ చూస్తారు. పిల్లలకి ఈ ముక్క ఎవడూ చెప్పడు. బాక్సు కనబడితే నింపేస్తారు, పరీక్ష పేపరు అనుకుని. ఫోను నంబరు అని ఉందా, రాసెయ్. ఊరు అని ఉందా, రాసెయ్. పుట్టిన తేదీ ఉందా, సంవత్సరంతో సహా రాసెయ్. మా సెంటర్లో రోజూ చూస్తున్నాను. కొందరైతే వాళ్ళ పేజీ మూయకుండానే లేచి పోతారు, తర్వాత కూర్చున్నవాడు వాళ్ళ పేరుతో ఆడుకుంటాడు. నేను వెనకాల పరిగెత్తి తిడుతుంటాను.

నేను ఇంటర్ మధ్యలో మానేసి, ఇక్కడ కుర్చీలు తుడుస్తూ కంప్యూటర్ నేర్చుకున్నదాన్ని. నాకెవరూ నేర్పలేదు. అందుకే ఎక్కడ తాళముందో ఒక్కొక్కటీ నొక్కి చూసుకున్నాను. సిల్వియా పేజీ పోయిన వేసవిలో నా పక్కన కూర్చుని తెరిచింది. ఇంటిపేరు లేదు, ఊరు లేదు, నంబరు లేదు. ఫోటో బదులు కొల్లేటి గూడబాతు బొమ్మ పెట్టింది. "ఇది నీకంటే బాగుంది మరదలా" అంటే గిల్లింది కూడా. రాసినవి స్నేహితులకి మాత్రమే కనబడతాయి. ఆ స్నేహితులందరూ దాని క్లాసు అమ్మాయిలే. నిన్న వేరే పేరుతో వెళ్ళి, దొంగ ఎలా చూస్తాడో అలా చూశాను. గూడబాతు తప్ప ఏమీ దొరకలేదు.

కాబట్టి వాడికి అక్కడ దొరకలేదు. మరెక్కడ దొరికింది? ఇదే నన్ను తినేస్తోంది. వాడు మాత్ర అన్నాడు చూడండి, అది ఏ మాత్ర? నాకే తెలీదే! శనివారం ఒంటరిగా వస్తుందని వాడికెలా తెలుసు? మావయ్య నంబరు ఎవరిచ్చారు? ఈ మూడూ కలిపి తెలిసినవాళ్ళు ఎవరెవరో దాచకుండా రాయండి.

కెజియా

——

చినలంకపాడు,
సెప్టెంబరు 3

కెజియాకు,

వానలు. కొల్లేరు రోడ్డు మీదకొచ్చింది. మీ మావయ్య దెందులూరు వైపు చెరువుల కాపలాకి మోకాళ్ళ నీళ్ళలో వెళ్ళి వస్తున్నాడు. నీ ఉత్తరం అంగన్‌వాడీలో పిల్లల్ని పడుకోబెట్టి చదివాను. గోడ సంగతి అర్థమైంది. ఊరు లేని గోడ అన్నావే, ఆ మాట మీద చాలాసేపు ఆలోచించాను. గోడ ఉంటే దానికో వెనకవైపు ఉంటుంది కదా, అక్కడ ఎవరుంటారు?

మాత్ర సంగతి నీకు చెప్పలేదు. చెప్పకూడదని కాదు. ఇంటర్లో ఉండగా సిల్వియాకి రెండుసార్లు మూర్ఛ వచ్చింది. ఏలూరు డాక్టరు గారు మాత్రలిచ్చారు. ఆ తర్వాత మళ్ళీ రాలేదు. నర్సింగ్ చదివే పిల్లకి ఈ జబ్బుందని నలుగురికీ తెలిస్తే ఏమంటారోనని దానికి భయం. హాస్టల్లో వార్డెను గారికి తప్ప ఎవరికీ చెప్పలేదు. పక్క మంచం పిల్లకి కూడా తెలీదు. మాత్ర కూడా దుప్పటిలో దూరి మింగుతుందట.

నువ్వడిగినట్టు ఆలోచించాను. ఆ మూడూ తెలిసినవాళ్ళం నేను, మీ మావయ్య. డాక్టరు గారికి శనివారాలు తెలీవు. వార్డెను గారికి అన్నీ తెలుసు, కానీ ఆవిడ అలాంటిది కాదు. ఇక మన చర్చి సంఘంలోవాళ్ళు. వాళ్ళు మనవాళ్ళే కాబట్టి లెక్కలోకి తీసుకోనక్కర్లేదు.

నిన్న వార్డెను గారు మళ్ళీ కబురు చేశారు. సిల్వియా తప్పిపోయిన పాఠాల నోట్సు ఆవిడనడిగి తెప్పించుకుంటోంది కాబట్టి ఆశ వదల్లేదనే అనుకుంటున్నాను. మీ మావయ్య మాత్రం "ఆడపిల్ల ప్రాణం కంటే సీటు ఎక్కువా?" అంటున్నాడు.

మార్తమ్మ

——

ఏలూరు,
సెప్టెంబరు 9

అత్తా,

లెక్కలోకి తీసుకోనక్కర్లేదని రాశారు చూడండి, అక్కడే ఆగాను. ఆగి, మావయ్య నంబరు పది అంకెలూ కంప్యూటర్లో వెతకమని కొట్టాను. అంతే. ఇంకేమీ చెయ్యలేదు. ఇది ఎవడైనా చెయ్యగలడు.

మన పాస్టరు గారబ్బాయి నెల్సన్ ఆర్కుట్‌లో ఒక గుంపు పెట్టాడు. 'చినలంకపాడు యౌవనస్థుల ప్రార్థన గుంపు.' ప్రతి ఆదివారం గుడిలో మీరందరూ లేచి చెప్పుకునే ప్రార్థన అంశాలు రాసుకెళ్ళి, సోమవారం ఏలూరొచ్చి అందులో ఎక్కిస్తున్నాడు. మీది చదవండి:

"సిస్టర్ మార్తమ్మ గారు, అంగన్‌వాడీ టీచర్. కుమార్తె సిల్వియా, తాడేపల్లిగూడెంలో నర్సింగ్. మూర్ఛవ్యాధి నుండి సంపూర్ణ స్వస్థత కొరకు, మాత్రలు మరువకుండుట కొరకు, నెలకు రెండు శనివారములు ఒంటరిగా చేయు బస్సు ప్రయాణము కొరకు ప్రార్థించగలరు. ఫోనులో ప్రార్థనకు ఏకీభవించగోరువారు బ్రదర్ అబ్రహాం గారికి చేయవలెను." కింద మావయ్య నంబరు.

ఏ తాళమూ లేదు. గుంపులో చేరకుండానే ఎవడైనా చదవొచ్చు. పిల్లలు కూడా సొంతంగా రాసుకుంటున్నారు. ఒక ఇంటర్ అమ్మాయి, అమ్మానాన్నలు ఆస్పత్రికని హైదరాబాదు వెళ్ళారు, తనూ తమ్ముడే ఇంట్లో ఉన్నారు, ధైర్యం కోసం ప్రార్థించండి అని రాసింది. ఇంటి గుర్తులతో సహా రాసింది! దొంగకి దారి చూపించినట్టే.

నెల్సన్ నిన్న సెంటర్‌కొచ్చాడు. పట్టుకున్నాను.

"ఇది ఏంటిరా?"

"సేవ అక్కా. మనూళ్ళో అరవై మంది ప్రార్థిస్తే అందులో నూట నలభై మంది ప్రార్థిస్తున్నారు."

"నూట నలభై మందిలో నీకెంతమంది తెలుసు?"

"అందరూ విశ్వాసులే అక్కా. పేర్లు చూడు."

"పేరు నేను కూడా పెట్టుకుంటాను రాణీ ఎలిజబెత్ అని. ఒకడు ప్రార్థించకుండా గూడెం బస్టాండుకెళ్ళాడురా, సిల్వియా సంచి మోస్తానని!"

వాడికి ఆ సంగతి తెలీదు. సిల్వియాది అక్కడికక్కడే తీయించాను. మిగతావి తియ్యనన్నాడు, నాన్నగారిని అడగాలట. పెట్టేటప్పుడు ఎవర్నడిగాడో!

అత్తా, కోపంగా అడుగుతున్నాను, ఏమీ అనుకోకండి. ఆ అంశం గుడిలో చెప్పింది మీరేనా?

కెజియా

——

చినలంకపాడు,
సెప్టెంబరు 16

కెజియాకు,

నేనే. ఇంకెవరు చెప్తారు?

నీకు కోపం తొందర. నాకూ కోపం వస్తుందమ్మా, కాస్త ఆలస్యంగా. రెండేళ్ళ కింద కొల్లేట్లో సర్కారువాళ్ళు చేపల చెరువుల గట్లు కొట్టేసినప్పుడు, మన వాటా చెరువు పోయినప్పుడు, మీ మావయ్య మంచం దిగలేదు. అన్నం ముట్టలేదు. నేను ఆదివారం లేచి, అందరి ముందూ, మా ఇంట్లో మనిషి ఇలా అయిపోతున్నాడని చెప్పాను. ఆ సాయంత్రమే మగాళ్ళొచ్చి ఆయన చుట్టూ కూర్చున్నారు. వరమ్మ చారు కాచి తెచ్చింది. ఆయన లేచాడు. ఇప్పుడు నువ్వు మమ్మల్ని కష్టం దాచుకోమంటున్నావు. దాచుకుంటే చారు ఎవరు తెస్తారు? నీ తాళాల్లో దీనికేమైనా తాళం ఉందా? నిజంగానే అడుగుతున్నాను.

నీ ఉత్తరంలో సంగతి మీ మావయ్యకి చెప్పాను. నీ మీద కోపం నెల్సన్ మీదకి పోతుందనుకున్నాను. పోలేదు. "నువ్వా చెప్పింది" అని నావైపు చూసి, అన్నం కంచం ముందు నుంచి లేచిపోయాడు. ఫోనులో సిమ్ము మార్చాడు. గూడెం పోలీసులకి కూడా చెప్పొచ్చాడు. ఆ ఫోను రూపాయి బాక్సు నుంచి వచ్చిందట. మనిషి ఎవరో తెలియలేదు. తెలియనంతకాలం పంపనన్నాడు.

సిల్వియాతో, "నీ మేలు కోరే కదా చెప్పాను" అన్నాను. అది, "నన్నడిగావా అమ్మా?" అంది. నిజమే, అడగలేదు. అది నా కడుపున పుట్టింది కదా, అడగాలని నాకు తోచలేదు. అప్పట్నుంచి నాతో మాట్లాడ్డం లేదు. మాత్ర నా ముందే మింగుతోంది, నాకేసి చూడకుండా.

పాస్టరు గారు ఆదివారం సాయంత్రం పిల్లలందర్నీ కూర్చోబెట్టి నెట్టు సెంటర్‌కి వెళ్ళబోమని ప్రమాణం చేయిస్తానన్నారు. నేను అడ్డం పడి, మా కెజియా వచ్చి చెప్తుంది, తర్వాత మీ ఇష్టం అన్నాను. ఇరవై ఎనిమిదో తారీకు రా. మా ఇంటికి మాత్రం రావద్దు. నేను సిల్వియాని వదిలి గుడికి రాలేను. ఏం జరిగిందో నువ్వే రాయాలి.

మార్తమ్మ

——

ఏలూరు,
సెప్టెంబరు 29

అత్తా,

నన్ను తరిమేశారు. మొత్తం చెప్తాను.

నాకు ప్రసంగం రాదు. పిల్లల్ని గుడి అరుగు మీద కూర్చోబెట్టి, సాయంత్రం బస్సు వచ్చి టీకి ఆగేదాకా ఊరుకున్నాను. ఆగాక చెప్పాను: "గుంపులో మీరు రాసుకున్నవి గుర్తున్నాయి కదా. ఒక్కొక్కరూ వెళ్ళి ఆ బస్సు కిటికీల దగ్గర నిలబడి, రాసింది రాసినట్టు గట్టిగా చెప్పండి."

నవ్వులు. క్రాంతి కుమార్ తెలుసు కదా, పదో తరగతి, ముందు వాడే పరిగెత్తాడు. "నా పేరు క్రాంతి కుమారండీ! లెక్కల్లో తొమ్మిది మార్కులొచ్చాయండీ! ప్రార్థించండీ!"

"నాకు ఏడొచ్చాయిరా. చూడు, కండక్టర్నయ్యాను" అన్నాడు కండక్టరు. బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను.

తర్వాత ఆ ఇంటర్ అమ్మాయి వెళ్ళింది. పేరు రాయను. "మా అమ్మానాన్నా..." అని ఆగిపోయింది. కిటికీలోంచి ఒకాయన తల బయటపెట్టి, "చెప్పమ్మా, ఏమైంది మీ అమ్మానాన్నలకి? ఇంట్లో ఎవరూ లేరా?" అన్నాడు. మంచిగానే అడిగుంటాడు. పిల్ల వెనక్కొచ్చి నా పక్కన నిలబడిపోయింది.

"గుడిలో చెప్పావుగా?" అన్నాను.

"గుళ్ళో అందరూ తెలిసినవాళ్ళక్కా. ఎవరింటికెళ్ళి తలుపు కొట్టాలో తెలుసు. వీళ్ళెవరో."

మీరడిగారే, దాచుకుంటే చారు ఎవరు తెస్తారని. దానికి జవాబు ఆ పిల్ల దగ్గర ఉంది. చారు తెచ్చేవాళ్ళకి చెప్పుకోవాలి. బస్సుకి కాదు.

చివర నెల్సన్‌ని పిలిచి, "సిల్వియాది రాసింది నువ్వే కదా, నువ్వెళ్ళి చెప్పు" అన్నాను. వాడు కిటికీ దాకా వెళ్ళాడు. "సిల్వియా..." అన్నాడు. అంతటితో ఆపి కిటికీ దగ్గర్నుంచి వెనక్కి జరిగాడు. డ్రైవరు హారన్ కొట్టి బస్సు తీసేశాడు. వాడు రోడ్డు మీద అలాగే నిలబడ్డాడు. ఇక నవ్వలేదెవరూ.

అప్పుడు సుద్దముక్కతో అరుగు మీద ఆర్కుట్ పేజీ గీశాను. ఇదిగో ఇక్కడ నొక్కితే స్నేహితులకే కనబడుతుంది, ఇక్కడ నొక్కితే గుంపు బయటివాళ్ళకి మూసుకుంటుంది అని. అత్తా, వాళ్ళ ప్రశ్నలు వినాలి! "చెరిపేస్తే పోతుందా అక్కా?" నీ దగ్గర పోతుంది, చూసినవాడి దగ్గర పోదు. "నా పేజీ ఎవరు చూశారో నాకు తెలుస్తుందా?" కొందరు తెలుస్తారు, దాక్కునేవాడు తెలీడు. "మా చెల్లి ఫోటో నేను పెట్టొచ్చా?" చెల్లినడుగు. "దానికి నాలుగేళ్ళక్కా." అయితే పెట్టకు. ప్రమాణం చేయించి ఉంటే ఈ ప్రశ్న ఒక్కటి కూడా అడిగేవాళ్ళు కాదు. ప్రమాణం చేసి, సోమవారం మా సెంటర్‌కే వచ్చేవాళ్ళు.

ఇంతలో సంఘ పెద్ద ఒకాయన వచ్చాడు. "ఏవమ్మా సీమోను కూతురా, ఆడపిల్లల్ని రోడ్డు మీదకి పంపి అరిపిస్తావా?"

"ముందే రోడ్డు మీదున్నారండీ. నేను చూపించానంతే."

ఇక మళ్ళీ రావద్దన్నాడు. వచ్చేశాను. పాస్టరు గారు మాత్రం ఆ సుద్దగీతల దగ్గర వంగి చూస్తూ ఉన్నారు.

సీటు గడువు దగ్గరికొచ్చింది. మావయ్య మనసు మార్చే తెలివి నాకు లేదు. ఏదైనా జరిగితే రాయండి.

కెజియా

——

చినలంకపాడు,
అక్టోబరు 11

కెజియాకు,

సిల్వియా రేపు పొద్దున గూడెం వెళ్తోంది. ముందు ఇది చదివి ఊపిరి పీల్చుకో.

నువ్వు పిల్లల్ని నిలబెట్టిన బస్సులో, వెనక సీట్లో, మీ మావయ్య ఉన్నాడు. చెరువుల దగ్గర్నుంచి రోజూ అదే బస్సుకి వస్తాడు. గుడి దగ్గర దిగాల్సినవాడు దిగలేదట. నెల్సన్ నోట కూతురి పేరు వినబడగానే సీటు కమ్మీ పట్టుకుని కూర్చుండిపోయాడట. పై ఊళ్ళో దిగి, గట్టు మీద నడిచి వచ్చాడు. కాళ్ళు కూడా కడుక్కోకుండా సిల్వియా ఎదురుగా కూర్చుని, "నీకేం కావాలే అమ్మా?" అన్నాడు. నాకు తెలిసి ఆ ఇంట్లో ఆ మాట అదే మొదటిసారి. అది ఏమందంటే,

× × × × × × × × × × × × × × × ×
× × × × × × × × × × × ×

ఆయన సరేనన్నాడు. మర్నాడు ట్రంకుపెట్టె తుడిచి తనే తాళం మార్చాడు. ఆ మనిషి ఎవరో ఇప్పటికీ తెలీదు. తెలియకుండానే పంపుతున్నాం. భయం పోలేదు. సిల్వియా తన క్లాసులో ఇద్దరికి జబ్బు సంగతి తనే చెప్పుకుంటుందట, మూర్ఛ వస్తే ఏం చెయ్యాలో కూడా నేర్పుతుందట. ఇక ముగ్గురూ కలిసి, రోజు మార్చి మార్చి వస్తారు. ఈ ముక్క నీకు రాయొచ్చంది.

నెల్సన్ గుంపుని బయటివాళ్ళకి మూసేశాడు. ఇప్పుడు అంశం రాసేముందు ఇల్లిల్లూ తిరిగి, "ఇది పెట్టనాండీ?" అని అడుగుతున్నాడు. పాపం, చాలామంది వద్దంటున్నారు. పోయిన ఆదివారం నేను లేచి, "ఒక అంశముంది. ఎవరిదో చెప్పను. పైనున్న ఆయనకి తెలుసు" అని కూర్చున్నాను. వరమ్మ వెనక నుంచి "ఎవరికే? ఏమైందే?" అని ఆమెన్ దాకా వీపులో పొడుస్తూనే ఉంది.

మార్తమ్మ

అంటించేముందు రాస్తున్నాను. ఉత్తరం సిల్వియాకిచ్చి చదవమన్నాను. నా చేత్తో నేను రాసింది దానికి చూపించడం కూడా ఇదే మొదలు. పైన కొట్టేసింది అదే. పెన్ను నొక్కి నొక్కి కొట్టింది. మిగతాది ఉంచమంది. చివర, "వదిన నా పేరు రోడ్డు మీద ఎందుకెత్తించింది? తను అడిగిందా నన్ను?" అంది. జవాబు నీ దగ్గరుంటే దానికే రాయి, నాకు కాదు. ఈ కవరు తనే ఏలూరులో డబ్బాలో వేస్తుంది.

——

ఏలూరు,
అక్టోబరు 15

అత్తా,

ఉత్తరం అందింది. అడగలేదు. అందరి మీదా అరిచిన నేను కూడా అడగలేదు. సిల్వియా పేరెత్తితేనే వాళ్ళకి అర్థమవుతుందనుకున్నాను. వాళ్ళకి అర్థమైంది, దానికి మళ్ళీ తగిలింది.

ఇంకొకటి. ఆ కొట్టేసిన రెండు వరుసల్నీ మానిటర్ వెలుతురుకి ఎత్తి పట్టాను. చెయ్యి దానంతటదే వెళ్ళింది. మొదటి అక్షరం కనబడబోతుంటే దించేశాను. వెనకాల అర్షద్ గారు "ఏంటమ్మా, దొంగనోటా?" అన్నారు. అవునండీ, దొరికింది నేనే అన్నాను. అది మావయ్యతో ఏమందో నాకు ఇప్పటికీ తెలుసుకోవాలనే ఉంది. మీరు మాత్రం చెప్పకండి.

సిల్వియాకి హాస్టల్ చిరునామాకి విడిగా ఒక కవరు రాశాను. అందులో ఏం రాశానో దాన్ని అడక్కండి.

కెజియా